సిగ్నల్ లేని ఊళ్లు ఎక్కడున్నాయో ఆశా కార్యకర్తకు తెలుసు

మొబైల్ ఇంటర్నెట్ అందని పల్లెలను ఎలా గుర్తిస్తారు, మామూలు మనిషి కూడా తెలుసుకునే దారి ఉందా అని అడిగారు. పాడేరు ఏజెన్సీలో ఒక గ్రామ సచివాలయంలో కొన్నేళ్లు పనిచేశాను. అలాంటి లిస్టులు పైకి పంపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ అనుభవంతో గట్టిగానే చెబుతున్నాను: ఆఫీసులో కూర్చుని తయారుచేసిన ఏ లిస్టునూ నమ్మొద్దు.

అసలు తిరకాసంతా ‘గ్రామం’ దగ్గరే ఉంది. మైదానంలో ఊరంటే ఇళ్లన్నీ ఒకచోటే ఉంటాయి. ఏజెన్సీలో ఒక్క రెవెన్యూ గ్రామం (సర్కారు రికార్డుల్లో ఒకే ఊరిగా రాసుకున్నది) కింద కొండకొకటి చొప్పున గూడేలుంటాయి. రోడ్డు పక్క గూడేనికి ఫోర్‌జీ వస్తే చాలు, గ్రామం మొత్తానికి వచ్చినట్టే రాసేస్తారు. 2022 జులైలో కేంద్ర కేబినెట్ రూ.26,316 కోట్లతో ఒక పథకం ఆమోదించింది. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు ఫోర్‌జీ, టూజీ త్రీజీలతోనే నెట్టుకొస్తున్న 6,279 గ్రామాలకు అప్‌గ్రేడ్, పనంతా బీఎస్‌ఎన్‌ఎల్‌ది. మంచి పథకమే, కాదనను. ఆ లెక్కలో వెనక కొండ మీది గూడెం ఎక్కడుందో చూపించమనండి చూద్దాం.

ఒకసారి మాకు ‘సిగ్నల్ లేని ఆవాసాల వివరాలు సాయంత్రంలోగా పంపాలి’ అని మెసేజ్ వచ్చింది. వాట్సాప్‌లో! ఫారంలో ఒకటే గడి: నెట్‌వర్క్ ఉందా, లేదా. నాకు పడిన గూడేల్లో ఒకదానికి ముందే ‘ఉంది’ అని నింపేసి పంపారు. వేరే పని మీద ఎలాగూ అటే వెళ్లాలి కదా అని బయల్దేరాను. గెడ్డ (కొండవాగు) దగ్గర బండి వదిలేసి కాఫీ తోటల్లోంచి నడిచి ఎక్కాలి. పైకెళ్లేసరికి నా ఫోన్‌లో సర్వీసే లేదు. అక్కడి ఆశా కార్యకర్త నవ్వి, “ఇక్కడ రాదు సార్, చెట్టుకాడికి రండి” అని తీసుకెళ్లింది.

గూడెం చివర మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు. దానికి మనిషెత్తులో ఒక మేకు. మేకుకి నూనె ప్యాకెట్ కవరు, అందులో హాట్‌స్పాట్ ఆన్ చేసిన ఫోన్. కింద ఉపాధి హామీ పనుల మేట్ (కూలీల హాజరు వేసే మనిషి) గొంతుక్కూర్చుని పొద్దుటి హాజరు ఫొటోలు ఎక్కిస్తున్నాడు. గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. “ఈ పక్క మేకుకైతే వస్తాది, ఆ పక్క రాదు. గాలేస్తే ఇదీ పోద్ది” అంది ఆవిడ. నా ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిచి చూస్తే మైనస్ 116 డీబీఎం చూపించింది. సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క అది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మైనస్ 90 దగ్గరుంటే నెట్ హాయిగా నడుస్తుంది, 110 దాటితే దేవుడే దిక్కు.

ఫారంలో ‘లేదు’ అని మార్చాను. గంటలో పైనుంచి ఫోన్: “కంపెనీ డేటాలో ఉందని చూపిస్తోంది కదయ్యా, నువ్వెందుకు లేదని రాశావ్?” చెట్టుకు వేలాడదీస్తే వచ్చేదాన్ని ఉన్నట్టు ఎలా రాయమంటారు సార్ అన్నాను. చివరికి లిస్టులో ఏం వెళ్లిందో నాకు ఎవరూ చెప్పలేదు.

మీరు మ్యాపుల గురించి కూడా అడిగారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం 2025 ఏప్రిల్ నుంచి కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలి. చూడండి, తప్పులేదు. కాకపోతే ఆ రంగులు చాలావరకు టవర్ ఎత్తు, ఫ్రీక్వెన్సీ, నేల ఎత్తుపల్లాలను బట్టి సాఫ్ట్‌వేర్ వేసిన అంచనాలు. 700, 900 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అయితే సిగ్నల్ కాస్త దూరం పోతుంది. 2300 అయితే మధ్యలో ఒక కొండ అడ్డొస్తే చాలు, ఆగిపోతుంది. పైగా కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి టవర్ పడుకుంటే ఆ సంగతి మ్యాపుకేం తెలుసు? మా దగ్గర వానాకాలంలో ఇది రోజువారీ భాగోతం.

ఇంకో బాధ. 2023 జనవరి నుంచి ఉపాధి హాజరుకి రోజుకి రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి చేశారు. నెట్ లేకపోయినా ఫొటో తీసుకోవచ్చు, తర్వాత ఎక్కించొచ్చు అంటారు. ఆ ‘తర్వాత’ అంటే కొండ దిగి రావడం. ఆ నడకకు కూలి ఎవరిస్తారు?

సరే, మీ ప్రశ్నకొస్తాను. గూడేనికి వెళ్లి ఆశాని, రేషన్ డీలర్‌ని, ఉపాధి మేట్‌ని పట్టుకోండి. ‘ఫోన్ వస్తుందా’ అని అడిగితే వస్తుందనే అంటారు. ‘ఎక్కడ నిలబడి మాట్లాడతారు’ అని అడగండి. అక్కడికీ వెళ్లండి, వాళ్ల ఇంట్లోకీ వెళ్లండి. రెండుచోట్లా, ఉన్న అన్ని కంపెనీల సిమ్‌లతో డీబీఎం రాసుకోండి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. దగ్గర్లో టవర్లు ఎక్కడున్నాయో టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్‌లో కనిపిస్తాయి. ఇవన్నీ కలిపి గ్రామసభలో తీర్మానం చేయించి, టెలికాం శాఖ పేరిట సీపీగ్రామ్స్‌లో (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్) పెట్టండి. (దానికీ ఓటీపీ కావాలి, కాబట్టి అది మాత్రం కొండ దిగాకే.) నేను చెప్పిన 2022 పథకంలో కొత్తగా వెలిసిన ఆవాసాలకు, ఉన్న సర్వీసు ఆపేసిన ఊళ్లకు 20 శాతం అదనపు గ్రామాలు చేర్చుకునే వెసులుబాటు ఉంది. అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి.

మీది ఏ మండలమో రాయలేదు. అరకు, అనంతగిరి వైపైతే రోడ్డు మీద ఫుల్ సిగ్నల్ చూసి వెనక్కి తిరిగేయకండి, గెడ్డ దాటి అవతలి గూడెంలో కూడా అడగండి.