పద్నాలుగు గంటలు చదివినా గుర్తుండటం లేదంటే అది బద్ధకం కాదు

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసి, నీట్ కోసం విజయవాడలో హాస్టల్‌లో ఉండి రెండో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటోంది. నిరుడు గ్రాండ్ టెస్టుల్లో 720కి 480 దాకా వచ్చేవి, ఇప్పుడు 400 దాటడం లేదు. రోజుకు పద్నాలుగు గంటలు కూర్చుంటున్నా ఏమీ గుర్తుండటం లేదంటోంది. ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతుంది. దసరాకు వచ్చి వారం రోజులు నిద్రపోయి వెళ్లినా మార్పు లేదు. ఇది బద్ధకమా, బర్నౌటా? కోచింగ్ మాన్పించాలా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది బద్ధకం కాదని గట్టిగా చెప్పగలను. బద్ధకం ఉన్నవారు పుస్తకం ముందు కూర్చోరు, మీ అమ్మాయి పద్నాలుగు గంటలు కూర్చుంటోంది. పైగా మామూలు అలసట అయితే వారం రోజుల నిద్రతో చాలావరకు తీరిపోవాలి. సెలవుల తర్వాత కూడా తీరని అలసట, దానితోపాటు పడిపోతున్న మార్కులు, మాటల్లో కనిపిస్తున్న నిరాసక్తత కలిసి ఉన్నాయి కాబట్టి బర్నౌట్‌నే ముందు అనుమానించాలి.

ఈ మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక నిపుణుడు న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో ఎంతో ఇష్టంతో పనిచేసిన స్వచ్ఛంద సేవకులను చూసి వాడుకలోకి తెచ్చారు. అంటే పని మీద శ్రద్ధ లేనివారిలో కాదు, ప్రాణం పెట్టి చేసేవారిలోనే దీన్ని మొదట గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా హరించుకుపోవడం, చేస్తున్న పని మీద విరక్తి లేదా దానికి మనసు దూరమవడం, పని సామర్థ్యం తగ్గడం. ఆ సంస్థ దీన్ని జబ్బుగా కాక ఉద్యోగ ఒత్తిడికి సంబంధించిన స్థితిగానే పేర్కొంది. అయితే తెల్లవారుజామున లేచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చునే లాంగ్‌టర్మ్ విద్యార్థి దినచర్య ఉద్యోగం కన్నా బరువైనదే. మీ ఉత్తరంలో ఆ మూడు లక్షణాలూ ఉన్నాయి.

నా దగ్గరికి వచ్చే రిపీటర్లను నేను మొదట అడిగేది మార్కుల జాబితా కాదు, టెస్టుల్లో చేసిన తప్పులను రాసుకునే నోట్‌బుక్. ఒక విద్యార్థిని తెచ్చిన నోట్‌బుక్ నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. జూన్ పేజీల్లో ప్రతి తప్పు కింద అది ఎందుకు జరిగిందో ఎర్ర ఇంకుతో రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. ఆగస్టుకు వచ్చేసరికి ప్రశ్న నంబర్లు మాత్రమే మిగిలాయి. అక్టోబరు పేజీల్లో పైన తేదీ, కింద ఖాళీ. ఆ అమ్మాయి ఒక్క రోజు కూడా తరగతి మానలేదు, కానీ తన తప్పును తాను చూసుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది. మీరు క్యాంపస్‌కు వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ ఒకసారి చూపించమని నెమ్మదిగా అడగండి.

లాంగ్‌టర్మ్‌లో ఇలా జరగడానికి గంటలు ఒక్కటే కారణం కాదు. రెండో ఏడాదిలో ప్రతి పేజీ తెలిసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ బొమ్మలు, ఆ లైన్లు కళ్లకు అలవాటైపోయి ఉంటాయి. కానీ చూసి గుర్తుపట్టడం వేరు, పుస్తకం మూసి జ్ఞాపకం తెచ్చుకోవడం వేరు. పరీక్ష హాల్లో పనికొచ్చేది రెండోదే. తెలిసిందనుకున్నది టెస్టులో రాకపోయేసరికి విద్యార్థి ఇంకో గంట పెంచుతుంది, ఆ గంట నిద్రలోంచి పోతుంది, చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి మరుసటి టెస్టులో మార్కులు ఇంకా తగ్గుతాయి. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలన్నది కూడా తన చేతిలో లేనప్పుడు, ఎంత కష్టపడినా ఫలితం ఒకటేనన్న భావన మనసులో పాతుకుపోతుంది.

కాబట్టి మొదట ఒక వైద్యుడికి చూపించండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా ఇలాంటి అలసటనే, మతిమరుపునే కలిగిస్తాయి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత మన దేశంలో చాలా ఎక్కువ, మెస్‌లో సగం తిని లేచిపోయే పిల్లల్లో మరీ ఎక్కువగా చూస్తుంటాను. ఇంకో విషయం అత్యంత ముఖ్యమైనది. తాను బతికి ప్రయోజనం లేదన్న మాట నోటి వెంట వచ్చినా, ఏ విషయంలోనూ సంతోషం లేకుండా రోజుల తరబడి ఏడుస్తూ ఉన్నా దాన్ని బర్నౌట్ అనుకుని ఆగకండి. వెంటనే వెళ్లి పక్కన ఉండండి, సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ తర్వాత మారాల్సింది దినచర్య. పద్నాలుగు గంటలను తొమ్మిదికి తగ్గించమంటే మీకు భయం వేస్తుందని తెలుసు, కానీ ఇప్పుడు ఆ పద్నాలుగులో ఎన్ని గంటలు నిజంగా చదువుగా మారుతున్నాయో చూడండి. ఏడు గంటలకు తగ్గని నిద్ర, పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాసుకునే అలవాటు, రోజుకు 45 ప్రశ్నలు సమయం పెట్టుకుని చేసి, తప్పులన్నీ కాకుండా ఐదింటిని మాత్రమే పూర్తిగా పరిశీలించడం, వారంలో ఒక పూట పుస్తకం ముట్టకపోవడం సరిపోతాయి. ఇందుకు క్యాంపస్ ఒప్పుకోదనుకోకండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు ఉండకూడదనీ, వారానికి ఒక సెలవు ఇవ్వాలనీ, ఆ మర్నాడు టెస్ట్ పెట్టకూడదనీ, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు తిరిగివ్వాలనీ ఉంది. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడాన్నీ, పదిమందిలో అవమానించడాన్నీ వద్దంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని కూడా చెప్పింది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు ఈ విషయాలను మర్యాదగానే ప్రస్తావించండి.

ఫోన్ చేసినప్పుడు ‘ఎన్ని వచ్చాయమ్మా’ అన్న ప్రశ్నను కొంతకాలం మానేయండి. మీరు ప్రేమతోనే అడుగుతున్నారు, కానీ ప్రతిసారీ తగ్గిన అంకెను నాన్నకు చెప్పాల్సి వస్తే ఏ పిల్లైనా ముక్తసరిగానే మాట్లాడుతుంది. మెస్‌లో ఏం కూర పెట్టారో, రూమ్మేట్ జ్వరం తగ్గిందో లేదో అడగండి.

కోచింగ్ మాన్పించే నిర్ణయం మాత్రం ఇప్పుడు తీసుకోవద్దు, అలసిన మనసుకు ఏ దారైనా మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. సంక్రాంతి దాకా గడువు పెట్టుకోండి. అప్పటికి నిద్ర, తిండి కుదుటపడి నోట్‌బుక్‌లో మళ్లీ కారణాలు రాయడం మొదలైతే మే నెల పరీక్ష దాకా కొనసాగించవచ్చు. లేకపోతే ఇంటి నుంచే చదువుకోనిచ్చి, ఎలాగైనా ఈఏపీసెట్‌కు దరఖాస్తు చేయించండి. అగ్రికల్చర్ బీఎస్సీ, బీఫార్మసీ, ఫార్మ్ డీ వంటి కోర్సులకు దారి అదే, పైగా ఆమె చదివిన సిలబస్ అక్కడ వృథా పోదు. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, అందుకే ఎక్కడ ఆగాలో ఇంట్లోవాళ్లే అనుకోవాలి. మూడో ఏడాది ఉండాలా వద్దా అన్నది ఆ పండగ సెలవుల్లో ఆమెను కూర్చోబెట్టుకుని, ముందు తన మాట పూర్తిగా విని, తర్వాత మీ మాట చెప్పి తేల్చుకోండి.