పరీక్షల్లో హాని కనబడకపోతే జన్యుమార్పిడి జీవులు సురక్షితమేనా?

జన్యుమార్పిడి మొక్కలను ఆరుబయట వదిలే ముందు జరిపే పరీక్షల్లో ఏ హానీ కనబడకపోతే, వాటిని సురక్షితమని నమ్మవచ్చా అని మీరు అడిగారు. ఇటువంటి దరఖాస్తులతో పాటు వచ్చే పర్యావరణ నివేదికలను పరిశీలించే పనిలో కొన్నేళ్లు ఉన్నాను కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను. హాని కనబడలేదన్న మాటను నమ్మే ముందు, హాని నిజంగానే ఉండి ఉంటే ఆ పరీక్ష దాన్ని పట్టుకోగలిగేదా అన్నది చూడాలి.

జన్యుమార్పిడి మొత్తంగా ప్రమాదకరమా కాదా అన్న ప్రశ్నకు ఎవరూ అంచనా కట్టలేరు. 2000లో ఆమోదం పొంది 2003లో అమల్లోకి వచ్చిన కార్టజీనా జీవభద్రతా అంతర్జాతీయ ఒప్పందం కూడా ఆ జీవి ఏమిటి, దాన్ని ఎందుకు వాడతారు, ఏ వాతావరణంలో వదులుతారు అన్న మూడింటినీ కలిపి ఒక్కొక్క కేసును విడిగా చూడమంటుంది. ఆచరణలో మేము చేసేది, చొప్పించిన లక్షణం నుంచి హాని దాకా ఒక దారి గీసుకోవడం. పంట పుప్పొడి అడవిలోని బంధుమొక్కను చేరాలి, గింజ కట్టాలి, ఆ గింజ మొలిచి తానూ సంతానాన్ని ఇవ్వాలి, కొత్త లక్షణం వల్ల ఆ సంతానం చుట్టుపక్కల మొక్కల మీద పైచేయి సాధించాలి, దానివల్ల మనం కాపాడదలచుకున్నది ఏదో ఒకటి దెబ్బతినాలి. వీటిలో ఏ ఒక్క మెట్టు దాటడమూ అసాధ్యమని గట్టిగా చూపగలిగినా ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. దరిదాపుల్లో బంధుమొక్కలే లేని పంటకు పుప్పొడి దూరాల గురించి వంద పేజీలు రాయనక్కరలేదు, అయినా రాస్తారు.

అసలు చిక్కు కొలతల దగ్గర వస్తుంది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, గ్లైఫోసేట్ కలుపు మందును తట్టుకునేలా మార్చిన బెంట్‌గ్రాస్ అనే గడ్డిని వందల ఎకరాల్లో పెంచినప్పుడు, దాని పుప్పొడి 21 కిలోమీటర్ల దూరంలో ఉంచిన పరీక్ష మొక్కల్లో కూడా గింజ కట్టించినట్లు 2004లో ప్రచురితమైన అధ్యయనంలో తేలింది. చిన్న మడుల్లో చేసిన అంతకుముందటి ప్రయోగాల్లో కనబడిన దూరాలు దీనితో పోలిస్తే ఎంతో తక్కువ. చిన్న మడిలో పుట్టే పుప్పొడే తక్కువ కాబట్టి, దూరం వెళ్లే ఆ కాస్త భాగం ఎవరి కంటా పడదు.

గింజల లెక్క కూడా ఇలాంటిదే. 300 గింజలను పరీక్షించి ఒక్కదానిలోనూ ఆ జన్యువు కనబడకపోతే, 95 శాతం విశ్వాస స్థాయిలో మనం చెప్పగలిగేది, సంకరం రేటు, అంటే జన్యుమార్పిడి పంట పుప్పొడితో కట్టిన గింజల వాటా, సుమారు 1 శాతాన్ని మించదని మాత్రమే. 3,000 గింజలు చూస్తే ఆ గరిష్ఠ పరిమితి 0.1 శాతానికి దిగుతుంది. కోటి గింజలు రాలే చోట 0.1 శాతమంటే పది వేల గింజలు. అందుకే "తేడా ఏమీ లేదు" అని ముగించిన నివేదిక చేతికి వచ్చినప్పుడల్లా, ఎంత తేడా ఉంటే మీ ప్రయోగానికి కనబడేది అని ముందుగా అడిగేవాణ్ణి.

అలాగని జన్యువు దాటడమే హాని అనుకోవడం కూడా సరికాదు. ఆ కలుపు మందు ఎవరూ కొట్టని అడవిలో, దాన్ని తట్టుకునే గుణం మొక్కకు పెద్దగా ఉపయోగపడదు. ప్రయోగశాలలో కనబడిన హాని పొలంలోనూ అంతే ఉంటుందనీ చెప్పలేము. పురుగులను చంపే ప్రొటీన్‌ను తనలోనే తయారుచేసుకునేలా మార్చిన బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులు తిన్న మోనార్క్ సీతాకోకచిలుక లార్వాలు చనిపోయాయని 1999లో వచ్చిన ఫలితం పెద్ద దుమారం రేపింది. 2001 నాటి క్షేత్ర అధ్యయనాల్లో, ఎక్కువగా సాగయ్యే రకాల పుప్పొడి వల్ల ముప్పు అతి స్వల్పమని తేలింది. అయితే పుప్పొడిలో విషపు ప్రొటీన్ మోతాదు ఎక్కువగా ఉన్న ఈవెంట్ 176 అనే రకం మాత్రం నిజంగానే హానికరమని బయటపడింది, తర్వాత అది మార్కెట్ నుంచి తప్పుకుంది. ఒక్కొక్క కేసును విడిగా చూడమనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

హాని ఒక్కోసారి జన్యువు నుంచి కాక, దానితో పాటు మారే సాగు పద్ధతి నుంచి వస్తుంది. బ్రిటన్‌లో 2003లో వెలువడిన పెద్ద స్థాయి పొలం పరీక్షల ఫలితాల్లో, కలుపు మందును తట్టుకునే బీట్ దుంప, రేప్ అనే ఆవాల జాతి నూనెగింజ పంటల్లో కలుపు మొక్కలు, వాటి మీద బతికే కీటకాలు తగ్గగా, మొక్కజొన్నలో ఫలితం తలకిందులైంది. రెండింటికీ కారణం ఏ మందును ఎప్పుడు కొట్టారన్నదే.

చేపలు, సూక్ష్మజీవుల విషయంలో ప్రశ్నలు ఇవే, కాకపోతే వదిలాక వెనక్కి తెచ్చుకోవడం మరింత కష్టం.

నేను ఎక్కువగా పట్టుబట్టింది అనుమతితో పాటు పెట్టే షరతుల దగ్గర. పురుగుల్లో నిరోధకత పెరగకుండా బీటీ పత్తి చుట్టూ మామూలు పత్తిని ఆశ్రయ పంటగా వేయాలన్నది కాగితం మీద మంచి నియమమే. భారతదేశంలో దాన్ని చాలామంది పాటించలేదు. మొదటి తరం బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నట్లు గుజరాత్‌లో 2010లో వెల్లడైంది. కారణం అదొక్కటే కాకపోవచ్చు గానీ, పాటిస్తారన్న ఊహ మీద కట్టిన అంచనా ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది. అందువల్ల నివేదికలో ఏ షరతు కనబడినా, సగం మందే దాన్ని పాటిస్తే ప్రమాదం ఎంత పెరుగుతుందో కూడా లెక్క కట్టి చూపమని రాసేవాణ్ణి. మీ చేతికి ఎప్పుడైనా అటువంటి నివేదిక వస్తే, ఆ లెక్క ఉందో లేదో మొదట చూడండి.