టీవీ స్టూడియో కోర్సుకి డబ్బు కట్టేముందు

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అబ్బాయి విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు. సినిమాలు వద్దు, స్టూడియోలో నాలుగైదు కెమెరాలతో చేసే టీవీ ప్రోగ్రాముల పని నేర్చుకుంటానంటున్నాడు. ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల కోర్సుకి రెండు లక్షలు అడుగుతోంది. వాళ్ల నాన్నగారేమో "ఇప్పుడు టీవీ ఎవరు చూస్తున్నారు, అందరూ ఫోన్లే కదా" అంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ఆ రెండు లక్షలు ఇప్పుడే కట్టకండి. అబ్బాయిని మాత్రం ఆపకండి.

వాళ్ల నాన్నగారి భయంలో నిజం ఉంది. న్యూస్ స్టూడియోల్లో రిమోట్‌తో తిరిగే కెమెరాలు వచ్చాయి. కంట్రోల్ రూములో కూర్చుని ఒక్కరే మూడింటిని తిప్పేస్తున్నారు. కాబట్టి స్టూడియోలో కెమెరా పట్టుకోవడం ఒక్కటే నేర్చుకుంటే చాలదు. కానీ నాలుగు కెమెరాల బొమ్మల్ని అప్పటికప్పుడు కలిపి చూపించే పని ఇవాళ ఛానెళ్లకే పరిమితం కాదు. పెళ్లి మండపంలో ఎల్‌ఈడీ తెర మీద వచ్చే లైవ్ మిక్సింగ్, ఓఎంఆర్ ఐటీ కారిడార్‌లో కంపెనీల సమావేశాలు, చర్చి ఆరాధనలు, డిసెంబరులో సంగీత సభల కచేరీలు, అన్నిటి వెనకా ఏ కెమెరా బొమ్మ తెర మీదికి వెళ్లాలో మీట నొక్కి మార్చే స్విచ్చర్ అనే పరికరం, దాని ముందు ఒక మనిషి ఉంటారు. వాళ్ల నాన్నగారు ఫోన్‌లో చూసే లైవ్ కూడా అలా వచ్చిందే.

ఇందులో అసలు విద్య ఏమిటో మీకు తెలియాలి, ఎందుకంటే కోర్సు మంచిదో కాదో దాన్ని బట్టే తేలుతుంది. సినిమాలో షాట్ బాగా రాకపోతే మళ్లీ తీస్తారు, కూర్పు (ఎడిటింగ్) తర్వాత తీరిగ్గా చేసుకుంటారు. ఇక్కడ కార్యక్రమం నడుస్తుండగానే కూర్పు అయిపోతుంది. పీసీఆర్‌లో, అంటే కార్యక్రమాన్ని నడిపించే కంట్రోల్ రూములో, గోడ నిండా మానిటర్లుంటాయి. జనానికి వెళ్తున్న బొమ్మ ప్రోగ్రామ్‌లో, తర్వాత వెళ్లాల్సింది ప్రివ్యూలో కనిపిస్తుంది. డైరెక్టర్ "టూ స్టాండ్‌బై... టేక్ టూ" అనగానే స్విచ్చర్ మీద వేలు పడుతుంది, రెండో కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ మాట టాక్‌బ్యాక్‌లో, అంటే చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్లలో, పనిచేసేవాళ్లందరికీ వినపడుతుంది. ఫ్లోర్ మేనేజర్ దాన్ని చేతి సైగలతో యాంకర్‌కి అందిస్తాడు. కెమెరాల రంగు, వెలుతురు అదుపు చేసే సీసీయూ దగ్గరున్న ఇంజినీరు, యాంకర్ చీర ఒక కెమెరాలో ఎరుపుగా, ఇంకోదాంట్లో నారింజగా కనపడకుండా రంగులు సరిచేస్తూ ఉంటాడు. ఒక్కరు ఆలస్యమైనా తప్పు తెర మీదికి వచ్చేస్తుంది.

ఈ పనిలో ఏం జరగబోతోందో ముందే పసిగట్టగలగాలి. కచేరీనే తీసుకోండి. గాయకుడు కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) పాడి ఆపగానే వయొలిన్ అందుకుంటుంది. ఆ సంగతి తెలిసినవాడు వయొలిన్ కెమెరాని ముందే సిద్ధంగా ఉంచుతాడు. తెలియనివాడు విల్లు కదిలాక వెతుక్కుంటాడు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు విడిగా వాయించే ఘట్టం, మొదలయ్యే సమయానికి మృదంగం చేతుల క్లోజప్ సిద్ధంగా లేకపోతే ఆ క్షణం మళ్లీ రాదు. ఇక్కడ మీ అబ్బాయికి ఒక మేలుంది. త్యాగరాజ కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగే కదా. ఏ మాట దగ్గర నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా పాడటం) ఎత్తుకున్నారో, పల్లవికి ఎప్పుడు తిరిగొస్తున్నారో మాట తెలిసిన చెవికి ముందే అందుతుంది. ఇది ఏ సంస్థా నేర్పలేదు. సంగీతం ఇష్టం లేకపోతే క్రికెట్, రాజకీయ చర్చ, వంటల షో, ఏదో ఒకటి లోతుగా తెలిసి ఉండాలి. మీటలు ఎవరికైనా కొన్ని వారాల్లో వస్తాయి.

అందుకని ఆ సంస్థకి వెళ్లి స్టూడియో ఎంత పెద్దదని అడక్కండి. ఒక్కో విద్యార్థి ఎన్నిసార్లు స్విచ్చర్ మీద కూర్చుంటాడు, ఆపకుండా లైవ్‌లాగే రికార్డు చేసే అభ్యాసాలు ఎన్ని, సౌండ్, ఫ్లోర్, గ్రాఫిక్స్, సీసీయూ సీట్లన్నిటిలో వంతులవారీగా కూర్చోబెడతారా అని అడగండి. ఒక అభ్యాసం జరుగుతుండగా వెనక నిలబడి చూస్తామనండి. ఒప్పుకోకపోతే అక్కడ కట్టొద్దు.

డిగ్రీ అయిపోతోంది కాబట్టి పుణెలోని కేంద్ర ప్రభుత్వ సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐకి రాయమనండి. అక్కడి టీవీ విభాగంలో డైరెక్షన్, ఎలక్ట్రానిక్ సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండు కోర్సులు డిగ్రీ అయినవాళ్ల కోసమే. ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీట్లు తక్కువ. కోల్‌కతాలో అలాంటిదే అయిన ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో కూడా ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా విభాగం ఉంది. మన తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ సంస్థ మంచిదే గానీ, అక్కడివి ప్లస్ టూ తర్వాత చేరే నాలుగేళ్ల డిగ్రీలు. మీవాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది, అది నాకు సబబుగా అనిపించడం లేదు.

ఈలోగా ఇంట్లోనే అభ్యాసం చేయొచ్చు. ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని స్టూడియో మోడ్‌లో ప్రివ్యూ, ప్రోగ్రామ్ పక్కపక్కనే కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌కి మూడు ఫోన్లు కలుపుకుని స్నేహితులిద్దరి సంభాషణ అరగంట ఆపకుండా తీయమనండి. వైఫై మీద ఫోన్ బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, మాటకీ పెదవికీ పొంతన కుదరదు. దాన్ని సరిచేయడంలోనే సౌండు సగం అర్థమవుతుంది. కెమెరాలన్నీ ఇద్దరికీ ఒకే పక్కన ఉండాలనే సూత్రం మొదట తప్పుతాడు, తెర మీద ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనపడగానే తనకే తెలిసిపోతుంది.

ఇంకో మాట మీతో సూటిగా చెప్పాలి. ఉదయం బులెటిన్ అంటే తెల్లవారుజామున నాలుగింటికే షిఫ్టు. ఫ్రీలాన్స్ చేస్తే రోజు లెక్కన డబ్బులు, అవీ కొందరి దగ్గర ఆలస్యంగా చేతికొస్తాయి. పెళ్లి సంబంధాలప్పుడు "ఏం ఉద్యోగం" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేరు. ఈ టెన్షన్ ఇంట్లో ముందే మాట్లాడుకోండి. చెన్నై ఫ్లోర్ మీద తమిళం ధారాళంగా రావాలి, పెరంబూరులో పెరిగినవాడికి అది కష్టం కాదనుకుంటాను. తెలుగు ఛానెళ్లు ఎక్కువగా హైదరాబాదులో ఉన్నాయి, అవసరమైతే అక్కడికి వెళ్లడానికి సిద్ధపడాలి.

డిసెంబరు సీజన్‌లో కచేరీలు రికార్డు చేసే యూనిట్లకి కేబుల్ చుట్టడానికైనా మనుషులు కావాలి. నవంబరులోనే వెళ్లి అడగమనండి. తెలుగు, తమిళం రెండూ వచ్చని, సంగీతం తెలిసుంటే ఆ సంగతీ చెప్పమనండి. సీజన్ అయ్యాక కూడా వాడికి ఇదే పని కావాలనిపిస్తే, అప్పుడు ఫీజు మాట మాట్లాడదాం. నాకు మళ్లీ రాయండి.