ఎక్స్‌ఆర్‌ఎఫ్ వచ్చింది కదా అని వెట్ అనాలిసిస్ మానేయవచ్చా?

మీ ల్యాబుకు కొత్తగా ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌కిరణాలతో మూలకాలను కొలిచే) యంత్రం వచ్చిందని, సిమెంటు పరీక్షలో పాత రసాయన పద్ధతిని, అంటే వెట్ అనాలిసిస్‌ను ఇక పక్కన పెట్టవచ్చా అని అడిగారు. దయచేసి పెట్టకండి.

కడప జిల్లాలో ఒక సిమెంటు కర్మాగారం ల్యాబులో పనిచేశాను. చేరిన కొత్తలో నా పనంతా సిలికా ఎంతుందో కొలవడమే. నమూనాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, పూర్తిగా ఇగిరేదాకా వేడిచేసి, వడగట్టాలి. దిగిన ద్రవాన్ని మళ్లీ ఇగిరించి రెండోసారి వడగట్టాలి. మిగిలినదాన్ని ప్లాటినం మూసలో కాల్చి తూచి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వేసి ఎగరగొడితే, తగ్గిన బరువే అసలు సిలికా. (ఆ ఆమ్లం దగ్గర, అది కాల్చిన గాయానికి పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఎవరినీ పని చేయనివ్వకండి.) దాదాపు ఒక రోజు పడుతుంది. కాల్షియం, మెగ్నీషియం మాత్రం ఈడీటీఏ అనే రసాయనంతో చేసే టైట్రేషన్‌తో త్వరగానే తేలతాయి.

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో నమూనా పొడిని పెల్లెట్‌గా (బిళ్లగా) నొక్కి పెడితే కొన్ని నిమిషాల్లో అన్ని ఆక్సైడ్లూ వస్తాయి. అయితే ఒకసారి మా షిఫ్టులో తొందర కోసం నమూనా గ్రైండింగ్ సమయం తగ్గించారు. క్లింకర్‌లో (సిమెంటుగా పొడి చేయడానికి ముందు కొలిమి నుంచి వచ్చే ముద్దల్లో) సిలికా 0.4 శాతం తక్కువ చూపింది. చిన్న తేడాయే అనిపిస్తుంది. కానీ ఆక్సైడ్ల నుంచి ఖనిజాల శాతం లెక్కగట్టే 1929 నాటి బోగ్ సూత్రంలో, సిమెంటుకు బలాన్నిచ్చే ప్రధాన ఖనిజం సి3ఎస్ (ట్రైకాల్షియం సిలికేట్) లెక్కకు సిలికాను 7.6తో గుణించి తీసేస్తాం. అంటే కాగితం మీద సి3ఎస్ ఏకంగా 3 శాతం పెరిగిపోయింది! యంత్రం తప్పు చెబుతోందని పట్టించింది ఒక రోజు పట్టే ఆ చేతి సిలికా పరీక్షే.

సిలికాన్ నుంచి వెలువడే ఎక్స్‌కిరణాలు పెల్లెట్ పైపొరలోని కొన్ని మైక్రాన్ల నుంచే బయటికి వస్తాయి. అందుకే రేణువు పరిమాణం మారితే అంకె మారుతుంది. లిథియం టెట్రాబోరేట్‌తో 1000 డిగ్రీలు దాటించి కరిగించి గాజు బీడ్ చేస్తే ఈ చిక్కు పోతుంది. ఖర్చు ఎక్కువే, గంధకం కొంత ఎగిరిపోయే ప్రమాదమూ ఉంది. అయినా కాలిబ్రేషన్‌కు (తెలిసిన నమూనాలతో యంత్రాన్ని సరిదిద్దడానికి) నేను బీడ్‌నే నమ్ముతాను.

పీపీసీ (ఫ్లైయాష్, అంటే బొగ్గు బూడిద కలిపిన సిమెంటు) పరీక్షిస్తుంటే ఇంకో జాగ్రత్త. ఫ్లైయాష్ ఆమ్లంలో పూర్తిగా కరగదు, ముందు సోడియం కార్బొనేట్‌తో కరిగించాలి. ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు) కోసం వేసుకున్న కాలిబ్రేషన్‌ను దానికి వాడవద్దు.

ఫ్రీ లైమ్ (ఖనిజాల్లో కలవకుండా మిగిలిన సున్నం) ఎంతో ఎక్స్‌ఆర్‌ఎఫ్ చెప్పలేదు, యంత్రానికి కనిపించేది మొత్తం కాల్షియమే. ఫ్రీ లైమ్‌కు ఇథిలీన్ గ్లైకాల్ పద్ధతి ఉంది. ఖనిజ రూపాలు నేరుగా కావాలంటే ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికాలను ఎక్స్‌కిరణాలతో గుర్తించే యంత్రం) ఉండాలి.

వారానికి ఒక్క నమూనానైనా ఐఎస్ 4032 (సిమెంటు రసాయన పరీక్షకు భారతీయ ప్రమాణం) ప్రకారం చేతితో చేసి పోల్చండి. సిలికాలో తేడా 0.2 శాతం దాటితే ముందు గ్రైండింగ్ చూడండి, తర్వాత పెల్లెట్ నొక్కిన ఒత్తిడి చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే కాలిబ్రేషన్ ముట్టుకోండి.