గీజర్ లెక్కలో 7 నిమిషాలు, గడియారంలో 37: తప్పు ఎక్కడుంది?

మీరు అడిగింది ఇదీ: 25 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల ఎలిమెంటు, 25 డిగ్రీల నీళ్లు 60కి రావాలి. లెక్కేస్తే 7 నిమిషాల చిల్లర వచ్చింది, గడియారం పెట్టి చూస్తే 37 పట్టింది, గీజర్ పాడైందా అని. చాలామటుకు గీజర్ బాగానే ఉంది. మెకానిక్‌ని అప్పుడే పిలవకండి.

మీరు 25 లీటర్లని 35తో (60కీ 25కీ తేడా) గుణించి 875 అన్నారు. దాన్ని 2తో భాగించి 437 సెకన్లన్నారు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలోకేలరీ కావాలి, కాబట్టి ఆ 875 కిలోకేలరీలండీ. కిలోవాట్ అంటే సెకనుకు ఒక కిలోజౌలు. ఒక కిలోకేలరీకి దాదాపు 4.18 కిలోజౌళ్లు. గుణిస్తే సుమారు 3,660 కిలోజౌళ్లు, అంటే 1,830 సెకన్లు, ముప్పై నిమిషాలన్నర. నమ్మకం కుదరకపోతే కరెంటు బిల్లు దారిలో చూడండి. ఒక యూనిట్ కరెంటు 860 కిలోకేలరీలు. మీకు కావలసింది 875, యూనిట్ కంటే కాస్త ఎక్కువ. 2 కిలోవాట్ల హీటరు అరగంట వెలిగితే కాలేదీ ఒక యూనిటే. రెండు లెక్కలూ కలిశాయి.

30కీ 37కీ తేడా ఇంకా మిగిలే ఉంది. అది వేరే జాతి తప్పు, దానికి తర్వాత వస్తాను.

లెక్క తేడా కొడితే నేను ముందు సూత్రం జోలికి పోను. రావాల్సిన అంకెకీ వచ్చిన అంకెకీ ఎన్ని రెట్ల తేడా ఉందో చూస్తాను. 4.18 దగ్గర ఉంటే కేలరీ, జౌలు కలిసిపోయాయి. 3.6 అయితే గంటల్లోనో సెకన్లలోనో పొరపాటు. 1.73 అయితే త్రీ ఫేజ్ మోటారుకి రూట్ మూడు మరిచిపోయారు. 1.34 అయితే హెచ్‌పీని కిలోవాట్ అనుకున్నారు. ఏకంగా యాభై రెట్లు దాటితే ఉష్ణోగ్రత తేడాకి 273 కలిపేశారేమో చూడండి. 5 డిగ్రీల తేడా కెల్విన్‌లోనూ 5 డిగ్రీలే, 278 కాదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఈ ఘనకార్యం నేనే చేశాను. మాస్టారు నా పేపరు క్లాసందరికీ చదివి వినిపించారు.

ఇలాంటివి పెద్ద తప్పులు కాబట్టి దొరికిపోతాయి. నన్ను నిజంగా తిప్పలు పెట్టింది ఓ బాయిల్డ్ రైస్ మిల్లులో పదో పన్నెండో శాతం తేడా. ఊకతో నడిచే బాయిలర్, నేమ్‌ప్లేటు మీద గంటకు 2 టన్నుల స్టీమ్. గంటకు 530 కిలోల ఊక పోతోంది, కిలోకి 3,200 కిలోకేలరీలు. ఫీడ్ వాటర్, అంటే బాయిలర్‌లోకి పోయే నీరు, 60 డిగ్రీలు, స్టీమ్ ప్రెషర్ గేజిలో చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. స్టీమ్ టేబుల్ (ఏ ప్రెషర్ దగ్గర ఆవిరిలో ఎంత వేడి ఉంటుందో చెప్పే పట్టిక) చూస్తే కిలో స్టీమ్‌కి 604 కిలోకేలరీలు ఇవ్వాలి. లెక్క కడితే ఎఫిషియెన్సీ, అంటే ఊక వేడిలో స్టీమ్‌కి చేరిన వాటా, 71 శాతం. సూపర్‌వైజర్ సంతోషపడి టీ తెప్పించాడు. ఫైర్‌మన్ మాత్రం "బూడిదలో ఇంకా నల్లగా ఊక కనబడుతోంది సార్, అంత ఎట్లొస్తది?" అన్నాడు.

అతని మాట పట్టుకుని, ఫీడ్ ట్యాంకులోకి నీళ్లు రాకుండా వాల్వు కట్టేసి, బ్లోడౌన్ (బాయిలర్ నుంచి మురికి నీరు బయటికి వదలడం) ఆపి, గంటసేపు టేపు పెట్టి ట్యాంకు మట్టం కొలిచాం. తగ్గింది 1,800 లీటర్లు. 2 టన్నులు కానే కాదు! నేమ్‌ప్లేటు వివరం మళ్లీ చదివితే అసలు సంగతి తెలిసింది. ఆ 2 టన్నులు "ఫ్రమ్ అండ్ యట్ 100" లెక్క, అంటే 100 డిగ్రీల నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరైతే వచ్చేది, కిలోకి 540 కిలోకేలరీలు. నేను 604తో గుణించింది ఆ టన్నుల్నే. 60 డిగ్రీల దగ్గర 1,800 లీటర్ల నీరు సుమారు 1,770 కిలోలే తూగుతుంది, దాంతో మళ్లీ కడితే 63 శాతం. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

మీ గీజర్‌ది కూడా ఇదే జాతి, కొలవకుండా అంకెని నమ్మేయడం. 2 కిలోవాట్లు అన్నది 230 వోల్టుల దగ్గర మాట. ఎలిమెంటు పవర్ వోల్టేజి వర్గం (స్క్వేర్) ప్రకారం తగ్గుతుంది. పొద్దున్నే ఊరంతా మోటార్లు వేసినప్పుడు 210 వోల్టులే వస్తే మీ 2 కిలోవాట్లు 1.67 అవుతాయి, సమయం 36 నిమిషాలు దాటుతుంది. గీజర్ ఆన్‌లో ఉండగానే వోల్టేజి చూడాలి, ఆపి చూస్తే ఎక్కువ చూపిస్తుంది. సాకెట్‌లో ప్రోబులు మీరే పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 230 సరిగ్గా ఉంటే ఓ థర్మామీటరు తెచ్చి ట్యాంకులో నీళ్లు చూడండి. డిసెంబరులో డాబా మీద ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలని ఎవరు చెప్పారు మీకు? 18 ఉన్నాయనుకోండి, అప్పుడూ 37 నిమిషాలకు దగ్గరే వస్తుంది. వోల్టేజి ఎంతో, నీళ్లు ఎంతో రెండూ ఇక్కడ రాయండి, మళ్లీ చూద్దాం.