బంకు ట్యాంకులోకి నీళ్లెక్కడివి?

ప్రశ్న: మా బంకు పంట కాలువ పక్కనే ఉంది. వానలు పడ్డప్పటి నుంచి పెట్రోలు ట్యాంకు మట్టం కొలిచే డిప్ రాడ్‌కు పూసిన వాటర్ పేస్ట్ (నీరు తగిలితే రంగు మారే ముద్ద) రంగు మారుతోంది. తోడించినా వారంలో మళ్లీ నీళ్లే. వేసవిలో ఇదే ట్యాంకులో స్టాకు తరిగింది. రెంటికీ సంబంధం ఉందా?
– ఒక డీలరు, భీమవరం

జవాబు: ఉండే అవకాశమే ఎక్కువ. ముందు ఆ ట్యాంకు నుంచి అమ్మకం ఆపి, ఆయిల్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు నీరు ఎక్కువగా తగిలితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుక్కి దిగుతుంది. ఆ పొరను మామూలు పేస్ట్ సరిగా పట్టుకోదు. ఇథనాల్ పెట్రోలుకని తయారైన పేస్టే పుయ్యాలి.

నీళ్లు పైనుంచి వస్తున్నాయా, కిందినుంచా తేల్చుకోవాలి. మ్యాన్‌హోల్ చాంబరులో నీరు నిలిచిందా, పెట్రోలు నింపే ఫిల్ పైపు, రాడ్ దించే డిప్ పైపు మూతల గ్యాస్కెట్లు బాగున్నాయా చూడండి. అవి మార్చాక, వాన లేని రోజుల్లోనూ నీటి మట్టం పెరిగితే పైపులకో ట్యాంకుకో చిల్లు పడినట్టే అనుకోవాలి. డిప్ పైపు సరిగ్గా కింద అడుగును ముఖ్యంగా అనుమానించండి. రాడ్ ఏళ్ల తరబడి తగిలేది అక్కడే. రక్షణ ప్లేటు లేకపోతే రేకు అరిగిపోతుంది.

పెట్రోలు బరువు నీటిలో ముప్పాతిక వంతే. చిల్లుపైన లోపల 2 మీటర్ల పెట్రోలున్నా, బయట భూగర్భజలం ఒకటిన్నర మీటరు దాటితే నీరు లోపలికి తోసుకొస్తుంది. వేసవిలో ఆ జలం దిగిపోగానే అదే చిల్లులోంచి పెట్రోలు మట్టిలోకి పోతుంది.

రాత్రి బంకు మూశాక ఒకసారి, తెల్లవారి మరోసారి డిప్ తీస్తే చాలదు. 20 కిలోలీటర్ల ట్యాంకు నడిమట్టంలో 1 మిల్లీమీటరంటే సుమారు 10 లీటర్లు. సెకనుకో చుక్క కారితే రోజుకు పోయేది 4 లీటర్లే, రాడ్ మీద అది ఆనదు. స్టాకు రిజిస్టరులో వారాల తరుగును కూడి చూడండి, సమర్థులైన పరీక్షకులతో ట్యాంకుకీ పైపులకీ లీక్ టెస్టు చేయించండి.

ప్రశ్న: మే నెలలో 12 కిలోలీటర్ల లోడు దింపితే వంద లీటర్లకు పైగా తగ్గింది. లీకేనా?
– ఒక మేనేజరు, ఖమ్మం

జవాబు: లీకని అప్పుడే అనలేం. 40 డిగ్రీల పెట్రోలు భూమిలో 30కి చల్లబడితే దాదాపు 120 లీటర్లు కుంచించుకుంటుంది. ట్యాంకరులోనూ భూమిలోని ట్యాంకులోనూ ఉష్ణోగ్రత రాసి, రెండు కొలతల్నీ 15 డిగ్రీల దగ్గర ఉండే పరిమాణానికి మార్చి లెక్క కట్టండి. అప్పటికీ తేడా ఉంటేనే అనుమానించాలి.

ప్రశ్న: ఖాళీ చేసిన ట్యాంకు కడగడానికి మనిషిని దింపొచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బయటినుంచే అయ్యే పనికి ఎవర్నీ దింపకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది. గాలిలో అది ఒకటిన్నర శాతమున్నా నిప్పురవ్వ చాలు. తప్పదంటే శిక్షణ ఉన్న ఏజెన్సీనే పిలవండి. పైపులన్నీ విడదీసి, గాలి ఆడించి, పైన, మధ్యన, అడుగున గ్యాస్ కొలిచే మీటరు పెట్టాలి. ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉండాలి, మండే ఆవిరి సున్నా చూపాలి. బురద కదిలితే ఆవిరి మళ్లీ లేస్తుంది కాబట్టి పని సాగినంతసేపూ మీటరు చూస్తూనే ఉండాలి. దిగిన మనిషికి గాలి సరఫరా ఉన్న మాస్కు, ఒంటికి హార్నెస్ (తాడు తగిలించే బెల్టుల తొడుగు), పైన కదలకుండా కాపలా మనిషి ఉండి తీరాలి. లోపల ఎవరైనా పడిపోతే తాడుతోనే లాగాలి, కాపాడబోయి మరొకరు దిగకూడదు. తోడిన నీటినీ బురదనూ మూత బిగించిన డ్రమ్ముల్లో పెట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వండి. మురుగు కాలువలో ఒక్క బకెట్టు కూడా పొయ్యొద్దు.