కార్బన్ ఎంత ఎక్కిందో తూకం వేసి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

గేర్ల కార్బురైజింగ్, అంటే వేడి ఉక్కు పైపొరకి కార్బన్ ఎక్కించి గట్టిపరచే పని, ఇకనుంచి నీ చేతిమీదుగా నడుస్తుందన్నమాట. పిట్ ఫర్నేస్, మిథనాల్ డ్రిప్, 20ఎంఎన్‌సీఆర్5 స్టీలు, గ్రైండింగ్ అయ్యాక 0.8 మి.మీ. ఎఫెక్టివ్ కేస్ డెప్త్ (తగినంత గట్టిగా ఉన్న పైపొర లోతు) మిగలాలి అని రాశావు. టెంపరేచరూ టైమూ ఎంత పెట్టాలని అడిగావు. అవి ఒకసారి పెడితే ప్యానెలే చూసుకుంటుంది. నువ్వు కాపలా కాయాల్సింది కార్బన్‌కి.

ముందు లెక్క చెప్పేస్తాను. 925 డిగ్రీల దగ్గర గంటల వర్గమూలాన్ని 0.63తో గుణిస్తే మొత్తం కేస్ డెప్త్ సుమారుగా మి.మీ.లలో వస్తుంది. గంటకి 0.63, నాలుగు గంటలకి 1.26. లోతు రెట్టింపు కావాలంటే టైము నాలుగింతలు. డ్రాయింగ్ అడిగేది కాఠిన్యం 550 వికర్స్‌కి తగ్గే చోటు దాకా కొలిచే ఎఫెక్టివ్ లోతు. అది స్టీలునీ సైజునీ బట్టి మొత్తంలో మూడింట రెండొంతుల నుంచి ముప్పావు వంతు దాకా ఉంటుంది. గ్రైండింగ్‌లో వైపుకి 0.1 పోతుందనుకుంటే నీ గురి 0.9. అంటే మొత్తం 1.3 దగ్గర, నాలుగుంబావు గంటలు. అందులో మూడింట రెండొంతులు కార్బన్ జోరుగా ఎక్కించే బూస్ట్, 1.05 శాతం కార్బన్ పొటెన్షియల్‌తో (ఫర్నేస్ వాయువు ఉక్కు పైపొరకి ఎక్కించగల కార్బన్ శాతం). మిగతాది ఎక్కిన కార్బన్ లోపలికి పాకే డిఫ్యూజన్, 0.8తో. టైము మొదలయ్యేది ప్యానెల్ 925 చూపించినప్పుడు కాదు, బుట్ట నడిమధ్య ఉన్న గేరు కూడా ఆ వేడికి వచ్చాక.

ఛార్జ్ (గేర్ల బుట్ట) లోపలికి దించగానే ఫర్నేస్ వేడి ఒక్కసారిగా పడిపోతుంది. తిరిగి 760 డిగ్రీలు దాటేదాకా మిథనాల్ వాల్వ్ ముట్టుకోకు. అంతకన్నా చల్లగా ఉంటే లోపల చేరిన ఆవిరి అంటుకోకుండా గాలితో కలిసి, తర్వాత ఒక్కసారిగా పేలుతుంది. వెంట్ దగ్గర పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి, నైట్రోజన్ సిలిండర్లు నిండుగా ఉండాలి. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకు.

ఇక కార్బన్. ఫర్నేస్‌లో కార్బన్ పొటెన్షియల్ చూపించే ఆక్సిజన్ ప్రోబ్ మంచిదే, కానీ దాని కొనమీద మసి పట్టినా, రిఫరెన్స్ గాలి ఆగినా తప్పు అంకె చూపిస్తుంది. అందుకే వారానికి ఒకసారైనా షిమ్ టెస్ట్ చెయ్యి. 0.1 మి.మీ. మందం తక్కువ కార్బన్ స్టీలు రేకుముక్క తీసుకుని, అసిటోన్‌తో తుడిచి, వేలిముద్ర పడకుండా పట్టకారుతో పట్టుకుని మిల్లీగ్రాములో పదోవంతు చూపే తక్కెడలో తూచు. శాంపిల్ పోర్టులోంచి దించి అరగంట ఉంచు. పైకి లాగాక ట్యూబులోనే చల్లారనివ్వు. ఎర్రగా ఉండగా గాలి తగిలితే రంగు మారి తూకం చెడుతుంది. మొదట 1.0000 గ్రాము, తర్వాత 1.0080 ఉందనుకో. పెరిగిన 0.0080ని 1.0080తో భాగిస్తే 0.79 శాతం, రేకులో ముందే ఉన్న 0.05 కలిపితే 0.84. ప్రోబ్ చెప్పినదానికీ దీనికీ 0.05 కన్నా ఎక్కువ తేడా వస్తే నేనైతే షిమ్‌నే నమ్ముతాను.

కార్బన్ పెంచడానికి మిథనాల్‌తో పాటు వేసే అసిటోన్ డ్రిప్ పెంచితే పని త్వరగా అవుతుందనిపిస్తుంది, అది భ్రమ. ఉక్కు తాగగలిగినంతే తాగుతుంది. మిగిలింది మసిగా గేర్ల మీద పేరుకుని కార్బన్‌కే అడ్డుపడుతుంది. కార్బన్ హెచ్చిన చోట పళ్ల మూలల్లో కార్బైడ్ వలలాగా అల్లుకుని గ్రైండింగ్‌లో పగుళ్లు తెస్తుంది. క్వెంచ్ చేశాక (ఆయిల్‌లో ముంచి ఒక్కసారిగా చల్లార్చాక) గట్టిపడకుండా ఉండిపోయే మెత్తటి ఆస్టెనైట్ మిగిలిపోతుంది కూడా.

క్వెంచింగ్‌కి ముందు 840కి దించి అరగంట సోక్ ఇవ్వు. నేరుగా 925 నుంచి ముంచితే వంకర, మిగులు ఆస్టెనైట్ రెండూ పెరుగుతాయి. మూత తీశాక బుట్ట గాలిలో తచ్చాడకూడదు, క్రేన్ వాడిని ముందే నిలబెట్టు. ఆయిల్ 60–80 డిగ్రీల మధ్య, అజిటేటర్ తిరుగుతూ ఉండాలి. ఆయిల్‌లో నీళ్లు 0.1 శాతం దాటాయా, నురగ కట్టి పొంగి మంటలు లేస్తాయి. గేర్లు ఒకదానికొకటి తగలకుండా పేర్చు. తగిలిన చోట సాఫ్ట్ స్పాట్ ఖాయం. కటింగ్ ఆయిల్ సరిగా కడగకపోయినా అదే. క్వెంచ్ అయ్యాక ఆలస్యం చేయకుండా 170 దగ్గర రెండు గంటలు టెంపర్ (పెళుసు తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేయడం).

పైన కాఠిన్యం రాక్‌వెల్ 60 చూపించిందని సంబరపడకు. దాన్ని బట్టి లోతు తెలియదు. ప్రతి ఛార్జ్‌లో అదే స్టీలు, అదే హీట్ (ఒకే విడతలో కరిగించిన ఉక్కు) నుంచి తీసిన టెస్ట్ పీస్ వేలాడదీసి, కోసి పాలిష్ చేసి, అంచు నుంచి 0.1 మి.మీ. చొప్పున లోపలికి ఒక కిలో లోడుతో వికర్స్ కొలతలు తీయి. అంచులో తక్కువ, లోపల ఎక్కువ వస్తే రెండు అనుమానాలు: డిఫ్యూజన్‌లో గాలి దూరి కార్బన్ పోయి ఉండాలి, లేదా కార్బన్ ఎక్కువై ఆస్టెనైట్ మిగిలి ఉండాలి. మైక్రోస్కోప్ కింద రెండోది సూదుల మధ్య తెల్లటి మచ్చల్లా కనిపిస్తుంది. మొదటిదైతే మూత గాస్కెట్, ఫ్యాన్ షాఫ్ట్ సీల్ చూడు.

మొదటి ఛార్జ్ షిమ్ తూకాలు రెండూ, వికర్స్ కొలతలూ రాసి పంపు. బూస్ట్ టైము తగ్గించాలో పెంచాలో అప్పుడు చెబుతాను.